రేగులగడ్డ బంతి మైసమ్మ

రేగులగడ్డ మూడో నంబరు బొగ్గుబాయి మూతపడి చాలా ఏళ్లయింది. బాయి మొగదల ఉన్న మైసమ్మ గుడి మాత్రం అలాగే ఉంది. గుడి ముందరి మైదానంలో ఆదివారం ఆదివారం మా ఊరి రగ్బీ క్లబ్బు ఆడుతుంది. దర్శనానికి వచ్చిన భక్తులు అమ్మవారి ఒడిలో పసుపు పూసిన కోలబంతిని చూసి, ఇదేమి చోద్యమని అడుగుతారు. గెలిచిన కప్పులకన్నా ఊడిన పళ్లే ఎక్కువైన క్లబ్బు మాది. అయినా ఈ కథ చెప్పమంటే మాకు ఎక్కడలేని హుషారు వస్తుంది.

పూర్వం ఇక్కడ తెల్లదొర ఒకడు మేనేజరుగా ఉండేవాడు. అతడు సీమకు వెళ్లిపోతూ పారవేయించిన సామానులోంచి తోలుబంతి ఒకటి దొర్లి బాయి దగ్గరికి చేరింది. మొదటి షిఫ్టుకు వచ్చిన ఓదెలు అనే కార్మికుడు దానిని చూసి, ద్వారానికి కట్టిన దిష్టి గుమ్మడికాయ ఎండి రాలిపడిందనుకున్నాడు. కాలికి తగిలితే అరిష్టమని భయపడి, పసుపు రాసి, బొట్టు పెట్టి, అమ్మవారి ఒడిలో ఉంచాడు. మూడు నెలలపాటు బాయి దిగే ప్రతివాడూ దానికి మొక్కాడు. ఎవరికీ అనుమానం రాలేదు, పాపం.

చివరకు దొరల ఆట ఎరిగిన ఆఫీసు గుమాస్తా ఒకరు చూసి పగలబడి నవ్వారు. అది గుమ్మడికాయ కాదని, పట్టుకుని పరుగెత్తే ఆటకు బంతి అని, చేతితో మాత్రం ముందున్నవాడికి ఇవ్వరాదని, వెనుకవాడికే అందించాలని చెప్పారు. ఓదెలు సిగ్గుపడ్డాడు. కానీ మర్నాడు బంతి పట్టుకుని అందరికన్నా ముందు ఉరికినవాడు అతడే. పదిహేను మంది పోగయ్యారు. షిఫ్టు దిగగానే ఆట.

గుడి ఊడ్చి దీపం పెట్టే కనకవ్వకు ఇది కంటగింపైంది. భర్త పోయాక, ఒక్కగానొక్క కొడుకు రాజాన్ని అమ్మవారి మీద భారం వేసి బాయిలోకి పంపుతున్న మనిషి ఆమె. ఒడికెక్కిన వస్తువును బురదలో దొర్లిస్తే తల్లి ఊరుకుంటుందా అని ఆమె భయం. ఒకనాడు ఆట మధ్యలోకి వచ్చి బంతిని లాక్కుపోయి, కడిగి, మళ్లీ ఒడిలో పెట్టింది. ఓదెలుతో మాటలు మానేసింది. ఆట వంక చూడనని రాజం చేత ఒట్టు వేయించుకుంది.

ఆ నెలలోనే బాయిలో పైకప్పు కూలి రాజం బండల అవతల చిక్కుకున్నాడు. దారి ఒక్క మనిషి పట్టేంత. సాయానికి వెళ్లినవారంతా నేనంటే నేనని ముందుకు తోసుకున్నారు. తీసిన బండలు వారి కాళ్ల దగ్గరే పేరుకుని ఉన్న దారీ మూసుకుపోసాగింది. అప్పుడు ఓదెలు అందరికన్నా ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక బండ తీసి, తల తిప్పకుండా చేతులు వెనక్కి చాపాడు. "మన ఆటలెక్క ఇయ్యుండ్రి" అన్నాడు. వెనుకవాడు అందుకున్నాడు, అతని వెనుకవాడు అందుకున్నాడు. పదిహేను జతల చేతుల మీదుగా బండలు బయటికి నడిచాయి. మధ్యాహ్నానికి, విరిగిన కాలుతో, రాజం కూడా ఆ చేతుల మీదుగానే వచ్చాడు.

అమ్మవారు కనకవ్వకు కలలో కనిపించి ఆజ్ఞ ఇచ్చిందని కొందరు చెబుతారు. ఆ వారమంతా తనకు నిద్రే లేదు, ఇక కల ఎక్కడిదని ఆమె నవ్వేదట. జరిగింది ఇంతే: ఆమె బంతిని ఒడిలోంచి తీసి ఓదెలు చేతిలో పెట్టింది.

"అమ్మ ఆడుకున్నది సాలు. ఇగ మీరు ఆడుండ్రి."

రాజం మళ్లీ పరుగెత్తలేకపోయాడు. అందుకని ప్రతి ఆటకు ముందు ఆటగాళ్లు గుడి నుంచి వరుస కట్టి, బంతిని వెనక్కి వెనక్కి అందించి, చివర కర్ర ఊతతో నిలబడిన అతనికి చేర్చేవారు. అతడు ముట్టుకున్నాకే ఆట. ఆట ముగిశాక బంతి తిరిగి అమ్మ ఒడికి.

రాజం ఇప్పుడు లేడు. ఆచారం ఉంది. వరుసలో ఆ చివరి చోటును అందరికన్నా ఆలస్యంగా వచ్చిన భక్తునికి ఇస్తాము. ప్రసాదమూ అంతే, ముందువారు వెనక్కి అందించాలి, చివరివారు మొదట తినాలి. తోసుకుని ముందుకు వచ్చినవారికి ఇక్కడ దక్కేది ఆలస్యమే. ఈ ప్రసాదం తిన్నవారి బిడ్డలు ఎంత దూరం పనికి వెళ్లినా క్షేమంగా ఇల్లు చేరతారని మా నమ్మకం. కాబట్టి ఎప్పుడు వచ్చినా, పొద్దుపోయిందని బెంగపడకుండా వచ్చి చివర నిలబడండి. ముందున్నవారు తిరిగి చూడరు. చేతులు మాత్రం మీ వైపు చాపుతారు.