బతికున్న బిడ్డకు పిట్టముద్ద

మానేసిన మనిషి మళ్లీ తాగితే, మొట్టమొదట ఎవరి కంట పడకుండా తప్పుకు తిరుగుతాడో చెప్పగలరా? పోలీసు కంట కాదు, అప్పులవాడి కంట కాదు. ఎవరికి మాటిచ్చాడో వాళ్ల కంట. ఇది తెలియని ఇల్లు మనలో తక్కువే. తెలిసి కూడా మాట తీసుకుంటూనే ఉంటాం.

పాలమూరు వైపు ఒక చిన్న పట్నంలో తాగుడు మాన్పించే కేంద్రం ఉంది. అక్కడ దానమ్మ ఇరవై రెండేళ్లుగా కౌన్సెలర్. శిష్యులు ఏదైనా అడిగితే ఆమె జవాబు చెప్పదు. కొంగుతో కళ్లజోడు తుడుచుకుని, "నడు, చూసొద్దాం" అంటుంది. ఆమెకు ఇంకో అలవాటు ఉంది. వైద్యం ముగిసి ఇంటికి వెళ్లే మనిషిని గేటు దాకా సాగనంపి, నీతులు, దీవెనలు ఏమీ చెప్పకుండా ఒక్కటే మాట అంటుంది: "తాగిన రోజు రా. నోరు వాసనొస్తదని సిగ్గుపడకు, అట్లనే రా."

ఈ మాట సుజనకు గొంతు దిగలేదు. ఆ పిల్ల శిక్షణకు వచ్చి మూడు నెలలు. మాటకు మాట అప్పజెప్పకుండా వదిలే రకం కాదు. ఒకనాడు నిలదీసింది.

"పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపుతూ, కొట్టుకున్న రోజు రామ్మా అంటామా మేడం? తాగొచ్చని మనమే తలుపు తీసి పెడుతున్నాం. గట్టిగా ఒట్టు వేయిస్తే ఆ భయానికైనా ఆగుతారు కదా?"

"ఎవరితోనన్న ఏయించినవా?" అంది దానమ్మ.

"వేయించాను. సెంట్రింగ్ పని మల్కయ్యతో. కూతురి తల మీద చెయ్యి పెట్టించాను. నలభై రోజులైంది, చుక్క ముట్టలేదు."

"ముట్టలేదని ఎవరు చెప్పిన్రు?"

"ముట్టితే మన దగ్గరికి వచ్చేవాడు కదా?"

ఆ వృత్తిలో కొత్తవాళ్లంతా చేసే పొరపాటే అది. రానివాడు బాగుపడ్డాడనుకుంటారు. దానమ్మ కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. "వాళ్లింటామె ఇప్పుడే ఫోన్ చేసింది. అంబులెన్స్‌కు చెప్పిన, వెనక వస్తది. నడు, చూసొద్దాం."

మిట్టమధ్యాహ్నం. ఊళ్లో కుక్క కూడా మొరగడం లేదు. సందు మొదట్లోనే మల్కయ్య భార్య అంజమ్మ ఎదురొచ్చింది. పది రోజుల కింద చుట్టాలింట్లో దావత్‌కు పోయి తాగాడట. ఆ తర్వాత వారం రోజులు దొంగచాటుగా తాగుతూనే ఉన్నాడట. సెంటర్‌కు పోదామంటే, "ఆ చిన్న మేడం ఉంటది, నేను రాను" అన్నాడట. అంతలో పిల్లకు జ్వరం తగిలింది. ఆ క్షణం నుంచి తాగడం ఆపేశాడు. నిద్ర కూడా ఆగిపోయింది. ఇది మూడో రోజు.

అక్కడి దుకాణాల్లో పోసేది ఉత్త కల్లు కాదు, మత్తుమందు కలిపిన కల్లు. దాన్ని ఒక్కసారిగా ఆపితే మూడో నాటికి ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడవచ్చు, ప్రాణమే పోవచ్చు. సుజన ఇదంతా పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకుంది. కళ్లతో చూడటం ఇదే మొదలు.

మల్కయ్య వాకిట్లో గోడకు ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక కట్టె. వెనక్కి తిరగకుండానే అన్నాడు: "మెల్లగ రాండ్రి. పిట్ట బెదురుతది."

గోడ మీద విస్తరాకు. అందులో అన్నం, ఉడికించిన గుడ్డు, రెండు బిస్కెట్లు. మనిషి పోయిన మూడోనాడు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెడతారు. కాకి ముట్టితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు లెక్క.

"ఎవరికి పెట్టినవ్ మల్కయ్యా?" దానమ్మ పక్కింటికి పేరంటానికి వచ్చినంత మామూలుగా అడిగింది.

"మూడొద్దులాయె గదమ్మా. నా స్రవంతికి." తల ఇంటివైపు వంచి గొంతు తగ్గించాడు. "లోపట ఒకటి తిరుగుతున్నది. అచ్చం నా బిడ్డ లెక్కనే ఉంటది. నా బిడ్డ గౌనే తొడుక్కుంటది. 'నాయినా' అని పిలుస్తది. మీరు పలకకుండ్రి."

ఓరగా వేసిన తలుపు సందులో ఒక కన్ను కనబడింది. తొమ్మిదేళ్ల కన్ను. రెప్ప వేయడం లేదు. నిన్న దగ్గరికి పోయినందుకు కట్టె విసిరాడట. అప్పటి నుంచి ఆ పిల్ల అడుగుల చప్పుడు వినబడకుండా నడవడం నేర్చుకుంది.

సుజన ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. "మల్కయ్యా, నీ కూతురికి ఏం కాలేదు. జ్వరం నిన్ననే తగ్గింది. ఆ తలుపు వెనకున్నది తనే."

మల్కయ్య ఆమెను జాలిగా చూశాడు. "నువ్వే గద మేడం, నా చెయ్యి పట్టుకొని దాని తల మీద పెట్టిచ్చింది. తాగితే ఏమైతదని అడిగిన. ఏమైతదో నీకే తెలుసు అన్నవ్. తాగిన. ఇంక అదెట్ల బతుకుతది? నీ మాట అబద్ధమా?"

సుజనకు జవాబు తెలుసు, ఒక్క మాటే. అది అనకుండా దానమ్మ వైపు చూసింది.

"నన్ను చూస్తవేంది? పెట్టిచ్చినోళ్లే తియ్యాలె" అంటూ దానమ్మ కట్టెను కాలితో అవతలికి నెట్టి, మల్కయ్య మణికట్టు పట్టుకుని నాడి చూడసాగింది.

సుజన లేచి తలుపు తీసింది. పిల్లను ముందుకు తెచ్చి, తల మీద చెయ్యి పెట్టింది. ఆ తల చల్లగా ఉంది. జ్వరం తగ్గిన చల్లదనమేనని తనకు తాను చెప్పుకుంది.

"అబద్ధమే మల్కయ్యా. నువ్వు తాగినా ఈ పిల్లకేం కాదు. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నా." చిన్నపిల్లలు ఆటల్లో అనే మాట. ఎం.ఏ. చదివిన నోట వచ్చింది.

అద్భుతమేమీ జరగలేదు. మల్కయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "దాన్ని నా ముంగట్నుంచి తియ్యి" అన్నాడు.

"నమ్మకుంటె నమ్మకు, ఏం కాదు" అంది దానమ్మ. "చేతులు ఒణుకుతున్నయ్ చూడు. దవాఖానకు పోదాం. ఏడ్చేదేదో ఆడ పండుకొని ఏడుద్దువు." మల్కయ్య ఆమె భుజం పట్టుకుని లేచాడు. ఇల్లు దాటుతూ గోడ మీది విస్తరినే చూశాడు తప్ప, పిల్లను చూడలేదు. అంబులెన్స్ అతన్నీ అంజమ్మనూ ఎక్కించుకుని పోయింది. నాయనమ్మ పొలం నుంచి వచ్చేదాకా పిల్ల దగ్గర గురువూ శిష్యురాలూ మిగిలారు.

దుమ్ము అణిగాక కాకి వచ్చింది. పొద్దుటి నుంచి రానిది, ఎవరూ పిలవకుండానే వచ్చి గోడ మీద వాలింది. మెడ వంచి పిల్లను ఒకసారి చూసింది. గుడ్డును పొడిచి, ఒక్కో మెతుకూ ఏరుకుని తినడం మొదలుపెట్టింది.

స్రవంతి కదలకుండా అంతా చూసింది. ఆ గొంతులో భయం లేదు, ఏడుపు లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది: "ముట్టింది కదక్కా. అంటే నేను పోయినట్టేనా?"

పిల్ల జవాబు కోసం సుజన ముఖంలోకే చూస్తోంది.

దానమ్మ గడప మీద కూర్చుంది. "ఆయనకు డాక్టర్ల కాడ మందున్నది, పది రోజులల్ల తేరుకుంటడు. ఈ పిల్లకు ఏం జెప్తవో జెప్పు సుజనా. నేను గూడ ఇంటా" అంది.

అయ్యా, అమ్మా, మీ ఇంట్లో కూడా ఎవరిచేతో ఏ పసితల మీదో చెయ్యి పెట్టించి ఉంటే, రేపటిదాకా ఆగకండి. ఈ పూటే ఆ పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ జవాబు మీరే చెప్పండి.