బిందెల కేసు

కొత్తపేటలో సుభాషిణి అనే ఆమె ఉండేది. ఎంత చిన్న పొరపాటైనా సరే, దాచిపెట్టందే ఆమెకు నిద్ర పట్టేది కాదు. గాజు గ్లాసు పగిలితే పెంకులు కొంగున కట్టుకుని పక్కవీధి చెత్తకుండీలో పారేసి వచ్చేది. అడిగేవాళ్లెవరట? ఇంట్లో ఉన్నది తనూ, బడికెళ్లే కూతురూ, అంతే!

ఆమె పనిచేసే కుట్టుషాపు మూతపడి ఆరు నెలలైంది. ఇల్లు గడవడమే కష్టంగా ఉంది. అలాంటి సమయంలో ఒక స్కూలువాళ్లు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా పని ఉందన్నారు. "సోమవారంలోగా పోలీసు సర్టిఫికెట్ తేవాలి. లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాం" అని కూడా అన్నారు.

దరఖాస్తు పెట్టడానికి వెళ్తే, మీసేవలో కంప్యూటర్ ముందున్నాయన అడిగాడు. "అమ్మా, మీమీద ఎప్పుడైనా కేసులున్నాయా?"

ఏడేళ్ల కిందట వీధి కుళాయికి నీళ్లు రాక ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో రోడ్డుమీద కూర్చున్నారు. పోలీసులు పదకొండుమంది మీద కేసు రాశారు. అందులో ఈమె పేరూ ఉంది. తర్వాత కోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆ ముక్క చెప్పేస్తే పోయేది. కానీ అలవాటు ఊరుకోనిస్తుందా?

"అబ్బే, నామీద కేసులేంటండీ!" అంది. లేవని రాసిన కాగితం మీద సంతకం పెట్టింది.

ఇక చూడండి ఆమె అవస్థ! మోటార్‌సైకిల్ చప్పుడైతే చాలు, విచారణకి పోలీసాయనే వచ్చాడేమోనని తలుపు సందులోంచి తొంగిచూసేది. అన్నం సహించేది కాదు. ఇల్లిల్లూ తిరిగి, "పోలీసాయన వస్తే బిందెల గొడవ ఎత్తకండమ్మా" అని బతిమాలింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ సంగతి తెలియనివాళ్లకి కూడా తనే చెప్పింది. ఎదురింటి పిచ్చమ్మత్త మాత్రం అప్పుడు ఊళ్లో లేదు.

శుక్రవారం కానిస్టేబుల్ విచారణకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే పిచ్చమ్మ ఆటో దిగింది.

"ఈమె ఎలాంటి మనిషి, పెద్దమ్మా?" అని అడిగాడు.

"బంగారం నాయనా! నీళ్ల ధర్నాలో బిందె పట్టుకుని నా పక్కనే కూర్చుంది. ఇద్దర్నీ ఒకే జీపులో ఎక్కించారు!" అంది పిచ్చమ్మ, గర్వంగా.

"నీ నోరు పడిపోనూ!" అని సుభాషిణి లోలోపలే తిట్టుకుంది.

"నాకు తెలుసు పెద్దమ్మా, రికార్డు చూసే వచ్చాను" అన్నాడు కానిస్టేబుల్. తర్వాత సుభాషిణి వైపు తిరిగాడు. "కోర్టు కొట్టేసిన కేసమ్మా అది, మీకు అడ్డేం కాదు. ఉన్నదున్నట్టు రాసుంటే రేపే సర్టిఫికెట్ వచ్చేది. అసలు కేసే లేదని సంతకం పెట్టారే, ఆ అబద్ధాన్ని నేనెలా పైకి పంపను? మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి."

ఆమె మళ్లీ పెట్టుకుంది. ఈసారి నిజమే రాసింది. సర్టిఫికెట్ కూడా వచ్చింది, కానీ పదిహేను రోజులకి. ఈలోగా, ఆ సోమవారమే, స్కూలు బస్సు వీధిలోకి వచ్చి ఆగింది. ఆయాగా మెట్టుమీద నిలబడింది పిచ్చమ్మ కోడలు దుర్గాభవాని. బిందెల కేసులో ఆమె పేరూ ఉంది. ఆమె ఆ సంగతి దాచకుండా దరఖాస్తులో రాసింది, సర్టిఫికెట్ సోమవారంలోగా వచ్చేసింది. సుభాషిణి గుమ్మంలో నిలబడి, బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ ఏడ్చింది.

నీతి: జరిగినదాన్ని ఒప్పుకుంటే పోయేది కొంచెమే, దాచిపెడితే అందివచ్చిన మేలు కూడా చేజారుతుంది.