నిండుకున్న బియ్యం బాన

ఒకప్పుడు చీమలకి దారిలో ఆగే అలవాటు లేదు. అమ్మ ఎదురైనా, అక్క ఎదురైనా తల దించుకుని పక్కనుంచి చరచరా పోవడమే. "బాగున్నావా?" అనడం లేదు, "ఎక్కడికే?" అనడం లేదు. అంత పని వాటికి!

ఎక్కడైనా తినేది కనబడితే, చూసిన చీమ ఒక్క కేక పెట్టేది. ఆ కేక విన్న చీమలన్నీ ఏమిటని గానీ, నిజమా అని గానీ అడక్కుండా అటు పరుగు తీసేవి.

అలా అడక్కుండా పరుగెత్తబట్టే ఒకరోజు కొంపమీదికి తెచ్చుకున్నాయి. ఆ కథే ఇది.

అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు సూరన్న. ఇల్లు పెద్దదేం కాదు. ఒక వంటగది, ముందు వసారా, వెనక కాస్త పెరడు. కానీ అచ్చియ్యమ్మ పొయ్యి వెలిగించిందంటే వీధిలో పోయేవాళ్ళు నడక తగ్గించేవాళ్ళు. ములక్కాడలు వేసి పప్పుచారు కాచేది. ఇంగువ వేసి పోపు పెట్టేది. ఆ పోపు చారులో పడి సుయ్యిమనగానే సూరన్న పెరట్లో ఎక్కడున్నా వచ్చి పీట వాల్చుకునేవాడు.

వేడన్నంలో కందిపొడి, నెయ్యి వేసి ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది అచ్చియ్యమ్మ. సరిపోయిందని ఆవిడకి తెలుసు. అయినా అడిగేది. ఆయన "ఊఁ" అనేవాడు. ఆ ఒక్క "ఊఁ" కోసమే ఆవిడ పొద్దున్నుంచీ పొగలో కూర్చుని వండేది మరి.

ఆ వంటింట్లో రోలు కింద నేల నెర్రెలో నల్లచీమలు కాపురం ఉండేవి. బెల్లం తరిగితే రాలిన పొడి వాటిది. కొబ్బరి కోరితే ఎగిరిపడ్డ తురుము వాటిది. అచ్చియ్యమ్మ రోజూ తిట్టేది, కానీ ఒక్కదాన్నీ చంపేది కాదు. తిట్టడం వేరు, చంపడం వేరు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. అచ్చియ్యమ్మ వంటింట్లో నిలబడి "లేదు", "అయిపోయింది" అనే మాటలు నోట రానిచ్చేది కాదు. అలా అంటే ఇంటికి మంచిది కాదని ఆవిడ నమ్మకం. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అనేది. సూరన్న బయటికి వెళ్తూ "వెళ్తాను" అంటే ఊరుకునేది కాదు, "వెళ్ళొస్తాను" అనిపించేదాకా గుమ్మంలోంచి కదలనిచ్చేది కాదు. మరి బియ్యం అయిపోతే?

"నిండుకున్నాయి" అనేది!

మీ మామ్మ కూడా అలాగే అంటుందేమో అడిగి చూడండి. బాన బోర్లించి దులిపినా గింజ రాలదు, మాట మాత్రం నిండుకున్నాయని. మనుషులకైతే అర్థమవుతుంది. చీమలకి ఎలా తెలుస్తుంది చెప్పండి?

ఆ చీమల్లో తుర్రి అని ఒక పిల్ల ఉండేది. పేరుకి తగ్గట్టే ఒక్కచోట కాలు నిలిచేది కాదు. సగం మాట విని, మిగతా సగం వినకుండానే తుర్రుమనే రకం. మొన్న అచ్చియ్యమ్మ "దీపం కొండెక్కిందయ్యోయ్" అంటే, ఏ కొండ ఎక్కిందో చూద్దామని వీధిగుమ్మం దాకా పరిగెత్తి వచ్చింది.

వానాకాలం ముందు మాట ఇది. ఆకాశం నల్లబడుతోంది. రోలు కింద నెర్రెలో చీమల గుడ్లు పగిలి పసికూనలు బయటికొచ్చే వేళ. చీమలన్నిటికీ పెద్దది బామ్మచీమ. అది అందర్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"వాన మొదలైతే బయట కాలు పెట్టలేం. కొట్లో తిండి లేకపోతే ఈ పసివాళ్ళు బతకరు. అచ్చియ్యమ్మ పెరట్లో నువ్వులు ఎండబోసి, మబ్బు చూసి గబగబా చాప ఎత్తేసింది. చాప అంచునుంచి బోలెడు నువ్వులు రాలాయి. వాన పడేలోపు అవన్నీ కొట్లో చేరాలి. పదండి" అంది.

చీమలన్నీ పెరట్లోకి కదిలాయి.

"నేనో బామ్మా?" అంది తుర్రి.

"నువ్వు మోస్తూ మోస్తూ మధ్యలో పడేసి పోతావు. వంటింట్లోనే ఉండి, ఏమైనా రాలితే కేకెయ్యి" అంది బామ్మచీమ.

తుర్రికి రోషం వచ్చింది. 'నన్నెవరూ లెక్కచెయ్యరు. ఇవాళ నేనొక గొప్ప కబురు తెస్తాను, చూడండి' అనుకుంది.

సరిగ్గా అప్పుడే అచ్చియ్యమ్మ బియ్యం బాన మూత తీసింది. లోపలికి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే పైకి తీసింది.

"ఏమయ్యోయ్! బియ్యం నిండుకున్నాయి!" అని కేకేసింది.

"మొన్నేగా తెచ్చాను?" అన్నాడు సూరన్న వసారాలోంచి.

"మీ పిన్నిగారూ వాళ్ళూ వచ్చి వెళ్ళాక నిండుకోవా మరి? వాన రాకముందే వెళ్ళి పట్రా."

ఈ రెండో మాట వింటే తుర్రికి అనుమానం వచ్చేదేమో. వింటేగా! "నిండుకున్నాయి" అన్నది చెవిన పడగానే అది గోడెక్కేసింది. గోడమీద బల్లి ఉంది.

"బల్లి మామా, బియ్యం నిండుకున్నాయట, నిజమేనా?" అంది.

బల్లికి ఆ ఇంటి మాట తెలుసు. పాపం, ఈ పూట అచ్చియ్యమ్మ ఏం వండుతుందోనని అది జాలిపడి, "ట్చ్, ట్చ్" అని నోరు చప్పరించింది.

"బల్లి పలికింది! సత్యం, సత్యం!" అని తుర్రి గోడ దిగి పెరట్లోకి ఒక్క పరుగు తీసింది.

"బియ్యం బాన నిండింది! ఎంతో పెద్ద బాన! నిండుగా బియ్యం! రండి, రండి!"

చీమలు అప్పుడే ఒక్కో నువ్వుగింజా నోట కరుచుకుని ఇంటిదారి పట్టాయి. బియ్యం అనగానే నువ్వులన్నీ ఎక్కడివక్కడ పడేశాయి. నువ్వు ఎంత, బియ్యపుగింజ ఎంత! ఒక్కటి కూడా ఆగి "నువ్వు చూశావా?" అని అడగలేదు. బామ్మచీమ కూడా అడగలేదు. అప్పట్లో ఆ అలవాటే లేదని చెప్పానుగా.

బారులు బారులుగా బానెక్కి, మూత సందులోంచి లోపలికి దిగాయి. దిగుతున్నాయి, దిగుతున్నాయి, ఎంతకీ బియ్యం తగలవేం? చివరికి అడుగు తగిలింది. చల్లటి మట్టి అడుగు. అక్కడ ఒక్క నూకగింజ ఉంది. అది కూడా పురుగు తిన్నది.

"ఇదేనా నిండడం?" అంది బామ్మచీమ.

తుర్రి ఆ నూకగింజ చుట్టూ తిరిగి తిరిగి చూసింది.

బయట ఢమఢమా ఉరిమింది. వాన మొదలైంది. పెరట్లో పడేసి వచ్చిన నువ్వులన్నిటినీ లాక్కుపోతున్న నీళ్ళ చప్పుడు బానలోకి వినబడుతోంది. బామ్మచీమ కూలబడిపోయింది. "పిల్లలకి ఏం పెడతామే ఇప్పుడు?" అని ఏడ్చింది. అంత పెద్ద చీమ ఏడవడం తుర్రి ఎప్పుడూ చూడలేదు.

కాసేపటికి సూరన్న గోనెపట్టా కప్పుకుని, తడిసి ముద్దయి వచ్చాడు. మూట మాత్రం తడవనివ్వలేదు. అచ్చియ్యమ్మ కొత్త బియ్యం పోద్దామని బాన మూత తీసి, "అమ్మో!" అంది.

సూరన్న తొంగి చూశాడు. "చీమలా? నిండా చీమలే! పొయ్యిమీద నీళ్ళు కాగుతున్నాయి కదా, పొయ్యనా?"

చీమలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అప్పుడు తుర్రి ఒక్కతే గబగబా బాన గోడెక్కి, అంచుమీద నిలబడింది.  ఈసారి తుర్రుమని పారిపోలేదు.

"అమ్మా, వాళ్ళమీద పొయ్యొద్దు! వాళ్ళు వాళ్ళంతట వాళ్ళు రాలేదు, నేను పిలుచుకొచ్చాను. బియ్యం నిండుకున్నాయని నువ్వే కదా అన్నావు? నేను నిజమనుకున్నాను."

అచ్చియ్యమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత పగలబడి నవ్వింది. "ఓసి నీ తెలివి తెల్లారా! నిండుకున్నాయంటే బాన ఖాళీ అని కదే!"

"అయిపోతే అయిపోయాయనాలి గానీ, నిండుకున్నాయంటే మాకెలా తెలుస్తుందమ్మా? పెరట్లో నువ్వులు కూడా వదిలేసి వచ్చాం. అవీ కొట్టుకుపోయాయి. రోలు కింద మా పసివాళ్ళు ఆకలితో ఉన్నారు."

అచ్చియ్యమ్మ నవ్వు ఆగిపోయింది. పెరటి గుమ్మంలోంచి చూసింది. ఒక్క నువ్వుగింజ లేదు, అంతా నీళ్ళే. ఆవిడకి చాలా బాధేసింది.

"నా మాట నమ్మి, నా వంటింటికి వచ్చి, ఖాళీ బానలో కూర్చున్నారా మీరు?" అంది. "నా ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరూ ఆకలితో వెళ్ళలేదే ఇప్పటిదాకా!"

బానని మెల్లిగా పక్కకి వాల్చి, చీమలన్నీ బయటికి వచ్చేదాకా కదలకుండా పట్టుకుంది.

"బియ్యం బానలోకి మాత్రం రాకండి తల్లీ, మిమ్మల్ని ఏరలేక నా కళ్ళు పోతాయి. వాన వెలిసాక గుమ్మం ముందుకి రండి, నేనే పెడతాను."

"చీమలకి విస్తరేస్తావా ఏంటే?" అన్నాడు సూరన్న తల తుడుచుకుంటూ.

"విస్తరి కాదు, ముగ్గేస్తాను. ఇన్నాళ్ళూ సుద్దపొడితో వేశాను, రేపట్నుంచి బియ్యప్పిండితో వేస్తాను. నాకు ముగ్గు, వాళ్ళకి బువ్వ. సరేనా?"

సూరన్న "ఊఁ" అన్నాడు.

చీమలు రోలు కిందికి చేరాయి. తుర్రితో ఒక్కరూ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఎవరూ దానివైపు చూడనే లేదు. పసివాళ్ళు ఏడ్చి ఏడ్చి పడుకున్నారు.

తెల్లవారేసరికి వాన వెలిసింది. తుర్రి ఒక్కతే చప్పుడు చెయ్యకుండా గుమ్మం దాటింది. చూరు కింద నేల తడవని చోట అచ్చియ్యమ్మ పెద్ద పద్మం ముగ్గు వేస్తోంది. తెల్లటి మెత్తటి కొత్త బియ్యప్పిండి! తుర్రి మూతి పెట్టి చూసింది. కమ్మగా ఉంది. ఇక ఆగుతుందా? వెనక్కి పరుగు.

"గుమ్మం ముందు పిండి! ముగ్గు నిండా పిండి! రండి!"

ఒక్క చీమా కదల్లేదు.

"నిన్న కూడా నిండుగా ఉన్నాయన్నావు" అంది ఒకటి. "ఇది కూడా నిండుకోవడమేలే" అంది ఇంకోటి, అటు తిరిగి కూర్చుంటూ.

"కాదు, ఇది నిజం!" అంది తుర్రి. ఎవరూ వినలేదు. తుర్రి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్కచోట నిలబడిపోయింది. ఈసారి కబురు నిజం, పసివాళ్ళ ఆకలీ నిజం, కానీ తన మాట ఎవరికీ అక్కర్లేదు. దానికి ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడు బామ్మచీమ లేచి వచ్చింది. పక్కనుంచి పోలేదు. తుర్రికి ఎదురుగా వచ్చి ఆగింది. తల ముందుకు వంచి, తన మీసాలతో తుర్రి మొహం తడిమి, మెల్లిగా అడిగింది.

"నిండా ఉందా, నిండుకుందా?"

ఒక చీమ ఇంకో చీమని ఆగి అడగడం లోకంలో అదే మొదలు.

"నిండా ఉంది బామ్మా. చూసే వచ్చాను. తిని మరీ వచ్చాను. నమ్మకపోతే ఇదిగో, నా నోట్లోది రుచి చూడు" అంది తుర్రి.

బామ్మచీమ మూతికి మూతి ఆనించింది. తియ్యటి కొత్త బియ్యప్పిండి! బామ్మచీమ మొహం విప్పారింది. కానీ కేక పెట్టలేదు. పక్కన ఉన్న చీమ దగ్గరికి వెళ్ళి, ఆగి, తల ఆనించి, "నిండా ఉంది, ఇదిగో రుచి" అంది. అది ఇంకోదానికి చెప్పింది. ఆ ఇంకోటి మరోదానికి చెప్పింది. చూస్తుండగానే రోలు కిందనుంచి గుమ్మం దాకా నల్లటి బారు తీరింది. ముందు నడుస్తున్నది తుర్రి.

ముగ్గు అంచున వాలిన ఆ బారుని చూసి అచ్చియ్యమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని వంగింది.

"సరిపోయిందా?" అని అడిగింది.

చీమలకి ఊఁ అనడానికి కూడా తీరిక లేదు. నోటినిండా పిండి. ఆ వానాకాలం రోలు కింద ఒక్క పసికూన కూడా పస్తు పడుకోలేదు.

అప్పటినుంచే చీమలు దారిలో ఎదురైతే ఊరికే పోవు. ఎంత తొందరున్నా, ఎంత బరువు మోస్తున్నా ఒక్క క్షణం ఆగి, మీసాలు తడుముకుని, మూతికి మూతి ఆనించి మరీ కదులుతాయి. ఈసారి గోడవారన చూసినప్పుడు ఊదకండి, వేలితో చెరపకండి. కావాలంటే వాటి దగ్గరగా చెవి పెట్టి వినండి. అవి అడుగుతున్నది ఒక్కటే మాట:

"నిండా ఉన్నాయా? నిండుకున్నాయా?"