ఎలుగు వారం, పంది వారం

కొండవాగు పారే ఆ అడవిలో ఎవరికైనా తగువు వస్తే, తప్పెవరిదని అడిగేవాళ్ళు కాదు. "ఇది ఎలుగు వారమా, పంది వారమా?" అని అడిగేవాళ్ళు. ఆ ఒక్క ముక్క తెలిస్తే తీర్పు తెలిసిపోయినట్టే. ఇక వాదనలంటారా, అవి ఉత్త కాలక్షేపానికి.

ఆ అడవికి న్యాయాధికారులు ఇద్దరు. ఒక వారం ఎలుగుబంటి బలభద్రం, మరో వారం అడవిపంది వరహాలయ్య. బలభద్రానికి నక్కలు నడిపే తేనె కంపెనీ అంటే మహా గౌరవం. వరహాలయ్యకి దున్నలు నడిపే అడవి సర్కారు ఏం చేసినా ముద్దే. అందుకని కంపెనీ ఎప్పుడూ ఎలుగు వారంలోనే ఫిర్యాదు చేసేది, సర్కారు పంది వారంలోనే చేసేది.

అలాగని బలభద్రం లంచగొండి అనుకునేరు. పాపం, కంపెనీవాళ్ళ దగ్గర ఒక్క తేనెచుక్క కూడా నాకి ఎరగడు. తనంత నిష్పాక్షికమైన జంతువు చుట్టుపక్కల ఏ అడవిలోనూ లేదని మనస్ఫూర్తిగా నమ్మేవాడు. ఆ నమ్మకానికి ఆధారం కూడా ఉంది. న్యాయాధికారి కక్షిదారుల మొహం చూడకూడదని అక్కడ తాతలనాటి ఆచారం. బండమీద వాళ్ళకి వీపు పెట్టి కూర్చోవాలి. మొహాలే చూడలేదు కనక తీర్పులో పేర్లూ ఉండకూడదు. అడిగినవాడు, ఇచ్చినవాడు, ఎగువవాడు, దిగువవాడు అని మాత్రమే చెప్పాలి. దాన్ని గోరింకలు కంఠతా పట్టి అడవంతా చాటేవి. చాటాక అది అందరికీ వర్తించేది.

బలభద్రం ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. కాకపోతే ముక్కు మూసుకోమని ఆచారంలో ఎక్కడా లేదు. వెనకనుంచి తేనె వాసన రాగానే ఆయన మనసు మెత్తబడేది. ఆ వాసన వచ్చిన వైపు మాటలన్నీ సబబుగా వినపడేవి. రెండో వైపు మాటలన్నీ దబాయింపుగా తోచేవి.

ఆ ఎండాకాలం తగువు వాగు గురించి వచ్చింది. కంపెనీ తన పూలతోటల కోసం వాగుకి అడ్డంగా కట్ట వేసింది. దిగువన ఉన్న మడుగు ఎండిపోసాగింది. సర్కారు ఫిర్యాదు చేస్తే వరహాలయ్య వాదన వినే శ్రమ కూడా పెట్టుకోకుండా, సర్కారు దున్నల బురద వాసన తగలగానే గండి కొట్టమన్నాడు. ఎలుగు వారం రాగానే కంపెనీ వచ్చింది. పొద్దు వాలాక చెప్పిన తీర్పు చెల్లదని బలభద్రం దాన్ని కొట్టేశాడు. వరహాలయ్య మళ్ళీ గండి కొట్టించాడు. తీర్పు చాటేటప్పుడు గోరింక దగ్గింది కనక అదీ చెల్లదన్నాడు బలభద్రం. గండిలోంచి వచ్చిన నీళ్ళు మడుగులో నిండేలోపే కట్ట మళ్ళీ లేచేది. ఇంత జరిగినా, వాగును అసలు ఆపవచ్చా లేదా అన్న మాట మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు.

ఒకరి తీర్పును మరొకరు కొట్టెయ్యవచ్చు గాని, తన తీర్పును తనే కొట్టెయ్యకూడదు. అదొక్కటే వాళ్ళిద్దరూ ఒప్పుకున్న కట్టుబాటు.

ఒక సాయంత్రం బలభద్రం షికారుకు వెళ్తూ మడుగు దగ్గర ఆగాడు. బురదలోంచి తాబేలు నూకాలమ్మ తల పైకెత్తింది. సర్కారు తరఫున వాదించే వకీలు ఆమే. ఆమె కాపురం కూడా ఆ మడుగులోనే.

"దండాలు అయ్యగారూ. మడుగు చూశారా?"

"కోర్టులో నలుగుతున్న వ్యవహారం. నాతో మాట్లాడకూడదమ్మా."

"వ్యవహారం కాదు బాబూ, నీళ్ళ సంగతి చెబుతున్నా. చేపపిల్లలు బురదలో గిలగిల్లాడుతున్నాయి. నేను ఆ ఒడ్డున గుడ్లు పెట్టుకున్నాను. పిల్లలు బయటికొచ్చేసరికి నీళ్ళు లేకపోతే వాటిని ఎక్కడికి తీసుకెళ్ళను?"

బలభద్రానికి నిజంగానే జాలేసింది. "వరహాలయ్య వారంలో ఫిర్యాదు చెయ్యకపోయావా?" అన్నాడు.

"చేస్తే గెలుస్తామండి. తర్వాత మళ్ళీ మీ వారం వస్తుంది కదండీ."

ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయని గొణిగి బలభద్రం ఇంటిదారి పట్టాడు.

మళ్ళీ ఎలుగు వారం మొదలైందో లేదో, కంపెనీ పెద్ద శేషావతారం అనే నక్క తోక ఎగరేసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఘోరం అయ్యా, ఘోరం! సర్కారు దున్నలు మా తోటకి ఎగువన, కొండమలుపు దగ్గర కొత్త కట్ట వేశాయి. మాకు చుక్క నీరు రావడం లేదు!"

"నా వారంలోనా? ఎంత పొగరు!" బలభద్రం ఒంటిమీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. సర్కారు ఎలుగు వారంలో ఏ పనీ మొదలుపెట్టదు కదా, ఇప్పుడెందుకు పెట్టిందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆయన ఆలోచించలేదు. గబగబా వెళ్ళి బండెక్కి, వీపు తిప్పి కూర్చున్నాడు. వెనకనుంచి కమ్మటి తేనె వాసన వచ్చింది.

నూకాలమ్మ మొదలుపెట్టింది. "ఎగువవాడు కష్టపడి రాళ్ళు మోశాడండి. వాడి కట్ట, వాడి నీళ్ళు. దిగువవాడికి ఏడుపెందుకు?"

ఇన్నాళ్ళూ కంపెనీ చెప్పుకున్న మాటలే అవి. బురద వాసన తోడయ్యేసరికి బలభద్రానికి అవి పచ్చి దబాయింపుగా వినపడ్డాయి.

శేషావతారం గొంతు సవరించుకున్నాడు. "వాగు ఎవడి సొత్తూ కాదయ్యా. అది కొండమీద పుట్టింది, కిందికి పోవాలి. ఎగువవాడు దాహం తీర్చుకుంటే ఎవరూ కాదనరు. దారికే అడ్డం కూర్చుంటే దిగువవాడి పిల్లాజెల్లా ఏమైపోవాలి?"

బలభద్రానికి కళ్ళు చెమర్చాయి. ఇంత చక్కటి వాదన తను ఏనాడూ వినలేదనుకున్నాడు.

"పోనీ, ఈ ఒక్క కట్ట తీయించి ఊరుకోండి అయ్యగారూ. పెద్ద పెద్ద మాటలెందుకు?" అంది నూకాలమ్మ బేలగా.

శేషావతారం ఎగిరిపడ్డాడు. "విన్నారా అయ్యా, ఎత్తు! ఈ ఒక్క కట్ట అంటే, వచ్చే వారం వరహాలయ్యగారి అండ చూసుకుని మరోచోట కడతారు. సందు లేకుండా చెప్పండి. వాగు మొదలునుంచి చివరిదాకా అని చెప్పండి!"

బలభద్రం ఛాతీ పొంగించాడు. "వినండి! ఈ వాగు పుట్టిన చోటినుంచి ఆఖరి మడుగుదాకా, ఎగువవాడెవడూ దిగువవాడి నీళ్ళు ఆపకూడదు. ఆపిన ప్రతి కట్టకీ ఈ పూటే గండి కొట్టాలి!"

"ఎవడు కట్టినా సరేనా అయ్యగారూ?"

"ఎవడు కట్టినా సరే!" ఎలుగూ నక్కా ఒక్కసారే అరిచారు.

గోరింకలు ఆ మాటల్ని పట్టుకుని ఎగిరిపోయాయి. ఒక్కటీ దగ్గలేదు. పొద్దు కూడా ఇంకా నడినెత్తినే ఉంది.

సర్కారు దున్నలు మారుమాట లేకుండా తమ కట్టని తామే కూలదోశాయి. అంత వినయం చూసి బలభద్రం మురిసిపోయాడు. దున్నలు అక్కడ ఆగితే బాగుండేది. అవి వాగు వెంటే దిగువకి నడిచి, కంపెనీ కట్టకి కొమ్ములు ఆనించాయి.

"ఆగండి! అది మాది!" శేషావతారం లబోదిబోమన్నాడు.

"మీదైతే వదిలెయ్యమని తీర్పులో ఉందా బాబూ?" అంది నూకాలమ్మ. "ఎగువవాడు అని ఉంది. మా మడుగుకి మీరు ఎగువవాళ్ళే కదా."

నక్క బండ దగ్గరికి ఉరికాడు. "అయ్యా, ఏదో ఒక వంక చూసి కొట్టెయ్యండి! గెలిచింది మేము కదా!"

బలభద్రం నోరు తెరిచాడు. కొట్టెయ్యడానికి అది వరహాలయ్య తీర్పు కాదు, తనదే. వెనక్కి తిరిగి ఎవరి మొహమూ చూడలేక అలాగే కూర్చుండిపోయాడు. ఆయనకి విపరీతంగా సిగ్గేసింది. చెప్పిన మాటల్లో ఒక్కటీ తప్పు లేదు. కానీ ఆ తేనె వాసన రెండో వైపునుంచి వచ్చి ఉంటే వాటిలో ఒక్కటీ తన నోట వచ్చేది కాదు. ఇన్నాళ్ళ తన పెద్దరికం అంతా ముక్కు చలవేనని ఆయనకి ఇప్పుడు తెలిసింది.

సాయంత్రానికి నీళ్ళు మడుగుని చేరాయి. చేపపిల్లలు తుళ్ళుతున్నాయి. బలభద్రం తల వంచుకుని ఒడ్డుకి వచ్చాడు.

"నన్ను మోసం చేశావు నూకాలమ్మా."

"అంత మాట అనకండి అయ్యగారూ. మీరు న్యాయమే చెప్పారు. ఎవరికి చెబుతున్నారో మాత్రం మీకు తెలియలేదు."

ఈ సంగతి విని వరహాలయ్య కడుపు పట్టుకుని నవ్వాడట. "మీ వారంలో నేను తేనె పూసుకుని వస్తాను బాబూ, మనవాళ్ళ మాటలు మీకెలా వినపడతాయో చూద్దాం" అని నూకాలమ్మ అనగానే ఆ నవ్వు ఆగిపోయింది.

బలభద్రం ఇప్పటికీ బండమీద వీపు తిప్పే కూర్చుంటున్నాడు. కాకపోతే ఎక్కేముందు అడవితులసి ఆకులు నలిపి రెండు ముక్కుపుటాల్లోనూ కూరుకుంటున్నాడు. ఊపిరి ఆడక నానా అవస్థా పడుతున్నాడు గాని, వరహాలయ్య కూడా అదే పని మొదలుపెట్టాక ఇది ఎవరి వారమని అడవిలో ఇప్పుడెవరూ అడగడం లేదు.

నీతి: ఎవరు గెలుస్తారో చూసుకోకుండా చెప్పగలిగినదే తీర్పు.