తొండపిల్ల తొలిముద్ద

అనగనగా, కార్చిచ్చుకు సగం కాలిపోయిన ఒక అడవిలో దూదమ్మ అనే కుందేలు ఉండేది. ఆమెకు పిల్లల్లేరు. మంటలు ఆరాక మేతకు వెళ్తే, మాడిన పొద కింద ఒక తొండపిల్ల ఒంటరిగా కనిపించింది. దూదమ్మ మనసు ఆగలేదు.

"ఇక నీకు నేనే అమ్మని" అని ఇంటికి తెచ్చుకుంది. ఒళ్లు గరుగ్గా ఉందని గరుకయ్య అని పేరు పెట్టింది.

బొరియలో అన్నిటికన్నా లోపల, చల్లగా, చీకటిగా ఉండే చోట మెత్తటి గడ్డి పరిచి పడుకోబెట్టింది. లేత గరిక ఏరి నోటి ముందు పెట్టింది. గరుకయ్య తినలేదు. కొత్త కదా, రేపు తింటాడులే అనుకుంది. మర్నాడూ తినలేదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఏ ఇంటికి కొత్త బిడ్డ వచ్చినా చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి, బిడ్డను ఎత్తుకుని, తలా ఒక ముద్ద పెట్టాలి. దాన్ని తొలిముద్ద అంటారు. వద్దన్న ఇంటివాళ్లకు పొగరని పేరొస్తుంది.

దూదమ్మ వాణ్ణి బొరియ గుమ్మం దగ్గరికి తెచ్చింది. ముందు ఉడుత వచ్చింది. "అబ్బో, ఏం తోకమ్మా! నా తోకలా కుచ్చు లేదు గానీ పొడుగే" అంటూ రేగుపండు నోటికి అదిమింది. తర్వాత జింక బొరియలోకి మూతి దూర్చి, వాణ్ణి అటూ ఇటూ దొర్లించి చిగురు పెట్టింది. ఆఖరున కోతి వచ్చింది.

"వదినా, నీకు పెంచడం రాదు. నోరు తెరిచి కుక్కాలి!" అని పండు ముక్క కుక్కబోయింది.

గరుకయ్య దవడ బిగించాడు. వాడి ఒళ్లు నల్లబడిపోయింది.

"చూశావా పొగరు! దిక్కులేనివాడికి పెడితే వంకలు కూడానా?" అంది కోతి.

పిల్లలూ, దిక్కులేనివాడు తిననంటే లోకానికి పొగరుగానే కనిపిస్తుంది. వాడి కడుపులో ఏముందో ఒక్కరైనా అడిగారా?

దూదమ్మకూ కోపం వచ్చింది. తనే బలవంతంగా పెడదామని గరిక పట్టుకుని వంగింది. కాలు వాడి పొట్టకు తగిలింది. రాయిలా చల్లగా ఉంది. ఆమె గరిక పక్కన పడేసింది.

"నాన్నా, నీకేం కావాలిరా?" అని అడిగింది. వాణ్ణి తెచ్చిన తర్వాత ఆ మాట అడగడం అదే మొదలు.

"చలేస్తోందమ్మా" అన్నాడు సన్నగా. "ఎండకు ఒళ్లు వెచ్చబడితేనే నాకు ఆకలేస్తుంది. మేం తినేది చీమల్ని, పురుగుల్ని."

"ఛీ ఛీ! గరిక తినే ఇంట్లో పురుగులా?" అని కోతి ముక్కు మూసుకుంది.

"పొద్దస్తమానం పక్కవాడి తలలో పేలు ఏరుకు తినేవాడివి, నువ్వా చెప్పేది మరిదీ!" అంది దూదమ్మ.

నిజానికి ఆమెకూ ఆ తిండి నచ్చలేదు. ఆమె వంశంలో పురుగును నోట పెట్టినవాళ్లు లేరు. కానీ బిడ్డ కళ్లముందే పోతున్నాడు.

"ముద్దలు చాలు. వాడు కోలుకునేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. పొగరంటే అనుకోండి" అని అందరినీ పంపించేసింది.

వాణ్ణి ఎండ పడే బండ మీదికి చేర్చింది. ఎండ ఎక్కువైతే తప్పుకోవడానికి పక్కనే నీడ ఉంది. ఆకు మీది మంచుబొట్లు దగ్గరగా వంచితే వాడు నాకాడు. ఆమె దూరంగా, కదలకుండా కూర్చుంది.

బండ వేడెక్కింది. వాడి ఒంటి నలుపు మెల్లగా విడిపోయింది. తల ఎత్తాడు. ఎదురుగా ఒక చీమ పోతోంది. దూదమ్మ ఊపిరి బిగబట్టింది. గరుకయ్య నాలుక చటుక్కున మెరిసింది. తర్వాత ఇంకో చీమ. ఆ తర్వాత ఇంకోటి.

కడుపు నిండాక వాడు ఒక చీమను నోట కరుచుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అమ్మా, నీకు తొలిముద్ద!"

దూదమ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. "నీ ముద్ద నువ్వు తిను నాన్నా, నా గరిక నేను తింటాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే చాలు."

నీతి: మనకు నచ్చింది ఎదుటివాడి నోట్లో కుక్కడం ప్రేమ కాదు, వాడికేం కావాలో అడిగి, అది మనకు నచ్చకపోయినా అందనివ్వడమే ప్రేమ.