రాజలింగు మింగిన గోలీలు

రాజలింగుకు మహా కోపంగా ఉంది. తెల్లారితే జాతరలో కుస్తీ. ఏడాదిగా దానికోసమే ఒళ్ళు హూనం చేసుకున్నాడు. తీరా ఇప్పుడు, కుస్తీ నేర్పిన ఉస్తాద్ లతీఫ్ పహిల్వానే తాలీంఖానాలో మట్టి గుంటలోకి దిగొద్దన్నాడు.

"నోట్లె పుండ్లేందిర? కండ్లు గట్ల ఎర్రగున్నయేంది?"

"వేడి చేసింది ఉస్తాద్. గంతే."

"ఏం తిన్నవ్?"

"మోకాలు నొప్పికని మందుల షాపుల గోలీలు తెచ్చుకున్న. పదిహేను దినాలాయె. మొన్న జరం వచ్చింది. జరానికి గూడ గవే వేసిన."

"తగ్గిందా?"

"పెరిగింది. అందుకే పొద్దున రెండు వేసిన."

ఉస్తాద్ తల పట్టుకున్నాడు.

"పెయ్యి మీద దద్దులేమన్న లేచినయా?"

"ఏం లేదు."

రాజలింగు అప్పటికే మెడ దాకా ఎర్రమట్టి పూసుకొని ఉన్నాడు. ఉస్తాద్ చెంబుతో నీళ్ళు తెచ్చి అతని రొమ్ము మీద పోశాడు. మట్టి జారిపోయింది. కింద ముదురు ఎరుపు మచ్చలు. వాటి నడుమ నీటి పొక్కులు.

"ఏం లేదా?"

"ఊరంత మింగుతరు ఉస్తాద్ గా గోలీలు. మా అవ్వ మింగుతది. మీరు మింగుతలేరా?"

"మింగుత. నాకు పడ్తయి. నీకు పడ్తలెవ్వు. గవి బంద్ చేసి ఇప్పుడే దవాఖానకు నడువు."

"కుస్తీ అయినంక పోత. నాకేం కాలేదు. పట్టు పట్టి చూపియ్యాల్నా?"

ఉస్తాద్ భుజం మీది తువ్వాలు విసిరికొట్టి మట్టిలో కూర్చున్నాడు.

"నీకు చెప్పుడు కన్న గోడకు చెప్పుడు నయం. పట్టు."

రాజలింగు వెనక్కి చేరి, ముసలాయన చెయ్యి మెలిపెట్టి వంచాడు. పట్టు బాగా కుదిరింది. ఉస్తాద్ రెండో అరచేత్తో నేలను ఒక్కసారి కొట్టాడు. రాజలింగు చటుక్కున వదిలేశాడు.

"ఎందుకు వదిలినవ్?"

"నేల కొట్టిన్రు గద!"

"కొడితే?"

"కొట్టినంక గూడ బిగిస్తే చెయ్యి విరుగుతది. ఎవలైనా వదలాలె. మొదటి దినం మీరే చెప్పిన్రు."

ఉస్తాద్ రాజలింగు రొమ్ము మీది పొక్కులనే చూస్తూ నేలను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ.

రాజలింగు తల వంచి తన ఒంటిని చూసుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళి, కొయ్యకు తగిలించిన అంగీ జేబులోంచి మిగిలిన గోలీలు తీశాడు.

"చెత్తల పారేస్త ఉస్తాద్."

"పారెయ్యకు, పట్టుకరా. డాక్టరుకు చూపియ్యాలె."

అంగీ తొడుక్కోబోతుంటే ఆపి, ఉస్తాద్ కొయ్యకున్న తన మెత్తటి పాత లుంగీ అతని భుజాల మీద కప్పాడు.

"ఏ పట్టుల ఇరుక్కున్నవో తెల్వకుంటే, విడిపిచ్చేటోడు ఎట్ల విడిపిస్తడుర?"