డేగల లెక్కలో ఒకటి ఎక్కువ

కొండ నెత్తి మీద రెండు రాళ్లున్నాయి. ఉత్తరం వైపు రాయి మీద మొగుడు కూర్చునేవాడు. దక్షిణం వైపు రాయి మీద పెళ్లాం కూర్చునేది. వీపుకి వీపు ఆనించుకుని, తెల్లారింది మొదలు పొద్దు వాలేదాకా ఆకాశం చూడటమే వాళ్ల పని.

వానలు తగ్గగానే డేగలు, గద్దలు ఉత్తరం నుంచి ఆ కొండ మీదుగా దక్షిణానికి పోతాయి. అతను వచ్చేవి లెక్కపెట్టాలి. ఆమె పోయేవి లెక్కపెట్టాలి. పిట్టకొక చింతగింజ బుట్టలో వెయ్యాలి. పిట్ట గాలి సుడిలో గిరికీలు కొడుతున్నంతసేపూ గింజ ముట్టుకోకూడదు. సుడి విడిచి తిన్నగా సాగితేనే అది లెక్కలోకొస్తుంది. పని జరుగుతున్నంతసేపూ తల తిప్పి ఒకరినొకరు చూసుకోకూడదు.

పొద్దు వాలే వేళకు లెక్కల అధికారి ఉత్తరపు దారిన ఎక్కి వచ్చేవాడు. ఇద్దర్నీ అడిగి, పుస్తకంలో రాసుకుని, వచ్చిన దారినే దిగిపోయేవాడు. రాజ్యంలోకి ఎన్ని వచ్చాయో అన్నే పోవాలట. ఎందుకు పోవాలో నన్నడక్కండి. రాజుగారిని అడిగే ధైర్యం నాకెక్కడిది?

పదకొండేళ్లు రెండు లెక్కలూ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. పన్నెండో ఏడు ఒకరోజు అతను రెండువందల పన్నెండు అన్నాడు. ఆమె రెండువందల పదమూడు అంది.

అధికారి కలం ఆగిపోయింది. "రాని పిట్ట ఎలా పోయింది?"

"పోయిందండీ, నా కళ్లారా చూశాను," అంది ఆమె.

"రాలేదండీ, నేను రెప్ప కూడా వెయ్యలేదు," అన్నాడు అతను.

అధికారి పుస్తకాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా ఒకటి ఎక్కువే. "రేపూ తేడా వస్తే మీలో ఒకరిని కొండ దింపేసి కొత్త మనిషిని కూర్చోబెడతాను," అని చెప్పి దిగిపోయాడు.

పొయ్యి దగ్గర వాళ్లిద్దరికీ చిన్న యుద్ధమే జరిగింది.

"నీకు కునుకు పట్టి ఉంటుంది," అంది ఆమె, గంజి కుండ దించుతూ.

"నాకా కునుకు? నువ్వే ఒకదానికి రెండు గింజలు వేసుంటావు."

"అవునయ్యా, సరదా పుట్టి వేశాను!"

ఇద్దరికీ భయం వేసింది. వేరే ఎవడి వీపో ఆనుకుని కూర్చోవాలని తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది. అతనికీ అంతే. కానీ మగమహారాజు కదా, గంజి మరీ వేడిగా ఉందని మాత్రం అన్నాడు.

మర్నాడు అతనికి నూట ఎనభై తేలాయి. ఆమెకూ సరిగ్గా నూట ఎనభయ్యే తేలాయి. అధికారి వచ్చి పుస్తకం తెరిచాడు. నా పెళ్లానికి నిన్నలాగే ఒకటి ఎక్కువొచ్చి ఉంటుంది, నేనే ఒకటి కలిపేస్తే సరి, అనుకుని అతను నూట ఎనభై ఒకటి అన్నాడు. సరిగ్గా అదే సమయంలో ఆమె, ఈయనకు నిన్నలాగే ఒకటి తక్కువొచ్చి ఉంటుంది, అనుకుంటోంది. అతని నోటి మాట గాలికి సరిగా వినపడక, తన లెక్కలో ఒకటి తగ్గించి నూట డెబ్బై తొమ్మిది అనేసింది. హవ్వ! చూసింది చూసినట్టు చెప్పి ఉంటే పీడా పోయేది కదా!

అధికారి వేళ్లు మడిచాడు. "నిన్న ఒకటి ఎక్కువ పోయింది. ఇవాళ రెండు తక్కువ పోయాయి. రెండింట్లోంచి ఒకటి తీసేస్తే ఒకటి మిగిలింది. అంటే వచ్చినవాటిలో ఒకటి పోకుండా ఇక్కడే ఉంది. ఏదీ?"

రాళ్ల వెనక వెతికాడు. పొదలు కదిపాడు. ఒక్క ఈక కూడా దొరకలేదు. చివరికి వాళ్లిద్దరి వంకా చూశాడు.

"మీరు ఈ కొండకు వచ్చారా?"

"వచ్చామండీ."

"మరి పోయారా?"

"మేమెక్కడికి పోతామండీ?"

"అదీ సంగతి! మీలో ఒకరు పోవాలి."

"మేం మనుషులమండీ," అన్నాడు అతను బిత్తరపోయి.

"పుస్తకంలో వచ్చినవి, పోయినవి అని ఉంది. రెక్కలుండాలని ఎక్కడా లేదు."

మొగుడూ పెళ్లాం రాళ్ల మీదే ఒకరి వైపు ఒకరు తిరిగారు. "నిజం చెప్పు, నువ్వెన్ని చూశావే?" అన్నాడు అతను.

"నూట ఎనభై. మరి నువ్వు?"

"నూట ఎనభై."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తప్పయిపోయిందని ఇద్దరూ అధికారితో ఒప్పేసుకున్నారు.

"అబద్ధం చెప్పారా? ఎవరి కోసం?"

"ఆయన కోసమండీ."

"దాని కోసమండీ."

అధికారి తన కోసం ఎవరైనా ఎప్పుడైనా ఇలా లెక్క తప్పారా అని ఆలోచించాడు. ఎవరూ గుర్తుకు రాలేదు. "రాసేశాను. కొట్టేసే అధికారం నాకు లేదు. ఎవరు పోతారో మీరే తేల్చుకోండి," అన్నాడు.

"నీకు మోకాళ్ల నొప్పులు, నువ్వు దిగలేవు. నేను పోతాను," అన్నాడు అతను.

"పోయి ఏం తింటావు? గంజి కాచుకోవడమన్నా వచ్చా? నేనే పోతాను."

"మరి ఇక్కడుండి నేనేం తింటాను?"

ఆమె లేచి కుండ చంకనెత్తుకుంది. అతను కంబళి భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ దక్షిణపు వాలున దిగడం మొదలుపెట్టారు.

"ఒకటి," అని రాసుకున్నాడు అధికారి సంతోషంగా. తలెత్తి చూస్తే రెండోవారు కూడా దిగుతున్నారు. "ఆగండాగండి! ఒకరే పోవాలి! ఒకరు వెనక్కి రండి!"

"ఎవరండీ?" అంది ఆమె.

"ఎవరో ఒకరు!"

వాళ్లు ఆగారు. ఎవరిని రమ్మన్నాడో అతనికీ అర్థం కాలేదు, ఆమెకూ అర్థం కాలేదు. పిలిచినవాడికైనా అర్థమైందా అంటే, అదీ లేదు. కాస్త చూసి, అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మెల్లగా దిగిపోయారు.

అధికారి పుస్తకం తెరిచి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మళ్లీ ఒకటి ఎక్కువ పోయింది. ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి, పోకుండా ఉండాలి. చుట్టూ చూశాడు. గాలి తప్ప ఎవరూ లేరు. తనైతే రోజూ వస్తాడు, రోజూ పోతాడు, కాబట్టి ఏనాడూ లెక్కలోకి రాలేదు. ఇవాళా వచ్చాడు. ఇంకా పోలేదు.

వేళ్లు మడిచి చూసుకున్నాడు. సరిపోయింది.

ఉత్తరాన, కొండ కింద, అధికారి ఇంటి కప్పు మీద వంటపొగ లేస్తోంది. ఒక అడుగు అటు వేశాడు. లెక్క తప్పింది. అడుగు వెనక్కి తీసుకున్నాడు. సరిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ తీశాడు.

"ఏమండోయ్!" అని దక్షిణపు లోయలోకి కేకేశాడు. "మరి నేనెప్పుడు పోవాలి?"

కింద నుంచి జవాబు రాలేదు. వచ్చి ఉంటే, దాన్ని ఏ గడిలో రాసుకోవాలో కూడా ఆయనకు తెలియదు.